మూడు పెన్నీల చప్పుడు

నా ఉద్యోగం చెబితే నవ్వుతారు.
కొత్త స్పోర్ట్స్ కార్లకి గొంతు పెడతాను.
కావెంట్రీలో కిటికీల్లేని గదిలో కూచుని
ఇంజను చేయని గర్జనని
డ్రైవరు చెవి వెనక స్పీకర్లోంచి వినిపిస్తాను.
కాలు నొక్కితే పులి. తీస్తే పిల్లి.
ఆ పులిని ఒక మంగళవారం మధ్యాహ్నం
టీ చల్లారేలోపు తయారుచేశాను.

"అసలుది కాస్త కలుపు" అన్నాడు మా గ్యారెత్,
పాలల్లో తోడు వేయమన్నంత తేలిగ్గా.
అందుకని నవంబరు ముసురులో
నాలుగు మైకులు డిక్కీలో పడేసుకుని
బెడ్‌వర్త్‌లో మౌరీన్ టిప్టన్ ఇంటికి వెళ్లాను.

డెబ్భై ఆరేళ్ల మనిషి.
పద్దెనిమిదో ఏట కార్ల ఫ్యాక్టరీలో సీట్లు కుట్టేది.
దుప్పటి తీసింది:
అరవై ఎనిమిది నాటి రెండు సీట్ల బండి,
సీసాపచ్చ రంగు,
కింద అట్టముక్క మీద రాత్రి కారిన నూనె
ఎక్కడో చూసిన దీవి పటంలా.

తాళం తిప్పింది. దగ్గింది. ఆగింది.
చోక్ లాగింది. మళ్లీ దగ్గింది.
"తడి రోజుల్లో ఇంతే. అడిగితే కాదు, బతిమాలాలి."
మా భాషలో దీన్ని తిక్క అంటారన్నాను.
"కూరా?" అంది.
కాదు కాదు, ఎలా చెప్పను,
విస్తరి ముందు కూచున్నాక అలిగే మేనమామ,
పిలిస్తే రాని, పిలవకుంటే పైనెక్కే మేకపిల్ల...
"ఓ. మా డెన్నిస్" అంది.
ఉంగరం వేలికే ఉంది. డెన్నిస్ లేడు.

మూడోసారికి అందుకుంది.
ననీటన్ రోడ్డు మీద, ఆ చిన్న బండిలో,
రోడ్డులోని ప్రతి అతుకూ నా వెన్నులో లెక్కపెట్టుకున్నాను.
స్టీరింగు నాతో వాదించింది.
పెట్రోలు, తడి తోలు, కాలిన దుమ్ము, ఎవరిదో పాత సిగరెట్టు.
నవ్వొచ్చింది, ఎందుకో తెలీదు, ఊరికే నవ్వాను.
రౌండబౌట్ దగ్గర బ్రేకు
రెండోసారి తొక్కితే గాని ఒప్పుకోలేదు.
అప్పుడు నవ్వు ఆగింది.

"డెన్నిస్ మోకాలు పోయింది దీన్లోనే" అంది మౌరీన్,
వాన ఎప్పుడు తగ్గుతుందో చెప్పినట్టు.
"గుణం, గుణం అంటారు క్లబ్బులో మగాళ్లు.
రోజూ నేను తిరిగేది కరెంటు బండిలో.
నడుం కింద వెచ్చగా ఉంటుంది, తెలుసా?"
మరి దీన్నెందుకు ఉంచుకున్నావని అడిగాను.
జవాబు చెప్పలేదు.
నా సీటు అంచు మీద వేలు పెట్టి చూపించింది:
"సోమవారం కుట్టు ఒకలా ఉంటుంది,
శుక్రవారం సాయంత్రం కుట్టు ఒకలా.
ఇది శుక్రవారానిది. చూడు ఎంత వంకరో.
నేను కాదులే. నా పక్క మిషను ఐరీన్.
ఆ రోజు డాన్సుకి వెళ్లాలని తొందర."

అప్పుడు విన్నాను, సీటు వెనక ఎక్కడో
టిక్కు టిక్కుమని.
"మూడు పెన్నీల బిళ్ల.
ఫ్యాక్టరీలోనే ఎవరి జేబులోంచో జారింది.
డెన్నిస్ సగం బండి విప్పాడు, దొరకలేదు."
దొరకని బిళ్ల ఏదో ఎలా తెలుసు?
"గుండ్రటిదైతే దొర్లేది.
దీనికి పన్నెండు పలకలు. పొర్లుతుంది."

గదికి తిరిగొచ్చి అంతా శుభ్రం చేశాను.
దగ్గు తీశాను. వాన తీశాను.
"రా బంగారం, రా" అన్న మౌరీన్ గొంతు తీశాను.
మూడు వేల చుట్ల దగ్గర ఆ టిక్కు మిగిలింది.
"ఈ లోపం ఏంటి?" అన్నాడు గ్యారెత్.
అదీ తీశాను.
బాగా వచ్చింది. నిజంగా బాగా వచ్చింది.
అందరూ అదే అన్నారు.

ఆ రాత్రి పార్కింగులో కొత్త బండిలో కూచున్నాను.
మీట నొక్కితే లేచింది, మారు మాట లేకుండా.
పర్సులోంచి ఐదు పెన్నీల బిళ్ల తీసి
సీటుకీ పక్క గూటికీ మధ్య జారవిడవబోయాను.
పట్టలేదు.
తలుపు వైపు చూశాను, వెనక చూశాను,
తివాచీ అంచు గోటితో లాగి చూశాను.
ఎక్కడా సందు లేదు.

బిళ్ల జేబులో వేసుకుని
స్పీకరు ఆపేసి
ఇంటికి పోయాను.